నీళ్లొచ్చాయి.. నీటి చదువే రాలేదు

ఉత్తర తెలంగాణలో జలాశయాలు పెరిగాయి, వాటి మీద బోటు షికారూ పెరిగింది. బోటు నడిపేవాళ్లకు, ఎక్కేవాళ్లకు నీటి జాగ్రత్తలు నేర్పే ఏర్పాటు మాత్రం లేదు. 2027 గోదావరి పుష్కరాల లోపైనా అది మొదలు కావాలి.

జైనూర్ మండలం మీదుగా పెద్ద నది ఏదీ పారదు. ఉన్నవన్నీ వాగులే. వానకాలం నాలుగు రోజులు ముసురు పట్టిందంటే గూడేలకు దారులు తెగిపోతాయి. బడికి పోవాల్సిన పిల్లలు, ఆసుపత్రికి చేరాల్సిన గర్భిణులు ఒడ్డునే ఆగిపోతారు. ఎండాకాలం వస్తే అవే వాగుల్లో చెలిమలు తవ్వి నీళ్లు తోడుకుంటారు. ఇలాంటి మండలం పేరు చెప్పి బోటు షికారు భద్రత గురించి, బోటు నడిపే లైసెన్సు గురించి రాయడమేమిటని కొందరికి అనిపించవచ్చు.

కానీ ఈ ప్రాంతపు జనం పెద్ద నీటి దగ్గరికి పోని ఏడాది లేదు. దీపావళి దండారి రోజుల్లో గుస్సాడీ బృందాలు దండేపల్లి మండలం గుడిరేవులో గోదావరి ఒడ్డున ఉన్న పద్మల్‌పురి కాకో దగ్గరికి చేరతాయి. గుస్సాడీ ఆటకు పద్మశ్రీ గౌరవం తెచ్చిన కనకరాజుది జైనూర్ మండలంలోని మార్లవాయే. కేస్లాపూర్ నాగోబా జాతరకు ముందు మెస్రం వంశీయులు కాలినడకన జన్నారం మండలం హస్తినమడుగు దాకా వెళ్లి గోదావరి జలం తెస్తారు. ఇవి తరతరాలుగా ఉన్న ప్రయాణాలు. వీటికి ఇప్పుడు కొత్త ప్రయాణాలు తోడయ్యాయి. సెలవు దొరికితే ఉట్నూరు, జైనూర్, ఆసిఫాబాద్ యువకులు బండ్లు తీసి కుంటాల, మిట్టె జలపాతాల వైపు, కడెం జలాశయం వైపు బయల్దేరుతున్నారు. కడెంలో బోటింగ్ ఉంది. ఇంకొంచెం దూరం పోగలిగినవాళ్లు కరీంనగర్ దిగువ మానేరుకు, ములుగు జిల్లా లక్నవరానికి వెళ్తున్నారు.

వీళ్లలో ఎంతమందికి ఈత వచ్చు? లైఫ్ జాకెట్ బకిల్ ఎలా బిగించాలో ఎవరైనా చూపించారా? బోటు ఒరిగితే ఏ వైపు కదలాలో, తిరగబడితే ఏది పట్టుకోవాలో ఎప్పుడైనా విన్నారా? బడిలో ట్రాఫిక్ గుర్తులు చెప్తారు, అగ్నిమాపక సిబ్బంది వచ్చి గ్యాస్ సిలిండర్ మంట ఆర్పే తీరు చూపిస్తారు. నీటి పాఠం ఒక్కటే ఎక్కడా లేదు.

జలాశయాల లెక్క

ఒకప్పుడు కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో నీళ్లంటే చెరువు. దాని లోతు, ఊబి ఉన్న చోటు, మత్తడి దూకే తీరు ఊళ్లో అందరికీ తెలుసు. చేపలు పట్టే గంగపుత్రులు, ముదిరాజులు తెప్పల మీద తిరుగుతూనే పెరిగారు. పిల్లలకు ఈత నేర్పింది నడుముకు కట్టిన సొరకాయ బుర్ర, వెంట ఉన్న మేనమామ. ఆ తెలివి ఏ పుస్తకంలోనూ లేదు, ఊరిలోనే ఉండేది.

తర్వాత నీటి రూపం మారింది. కడెం నిల్వ 7.6 టీఎంసీలు. దిగువ మానేరు 24 టీఎంసీలు. పెద్దవాగు మీద ఆడ గ్రామం దగ్గర కట్టిన కుమ్రం భీం ప్రాజెక్టు 10 టీఎంసీల పైచిలుకు, ఎల్లంపల్లి 20, మధ్య మానేరు 25కు పైగా. ఇంత నీరు కళ్ల ముందు నిలవడం ఈ నేలకు పెద్ద వరం. పొలాలు పారాయి, చేపలు పెరిగాయి, కరీంనగర్‌లో తీగల వంతెన వచ్చింది, దాని పక్కన మానేరు తీరాన్ని విహార స్థలంగా మార్చే పనులు మొదలయ్యాయి. అయితే చెరువు తెలిసిన మనిషికి జలాశయం తెలిసినట్టు కాదు. పైకి ప్రశాంతంగా కనిపించే నీటి కింద మునిగిన చెట్ల మోళ్లు ఉంటాయి, పాత ఇళ్ల గోడలు ఉంటాయి. మోకాలి లోతులో నడుస్తున్నవాడు ఒక్క అడుగులో పాత వాగు గర్భంలోకి దిగిపోతాడు. మైళ్ల కొద్దీ ఖాళీగా పరుచుకున్న నీటి మీద గాలి లేస్తే, చెరువులో ఎప్పుడూ చూడని అలలు వస్తాయి. ఎగువన ఎక్కడో వాన పడితే ఇక్కడ గేట్లు ఎత్తుతారు.

ఆ గేట్ల దగ్గర నీరు ఎంత బలంగా ఉంటుందో 2022 జులైలో కడెం చూపించింది. సుమారు 3 లక్షల క్యూసెక్కులు వదలగలిగే ఆనకట్టకు 5 లక్షలకు పైగా వరద వచ్చి పడింది. కట్ట మీదుగా నీరు పొర్లింది. దిగువ ఊళ్లను రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. క్యూసెక్కు అంటే సెకనుకు 28 లీటర్ల చిల్లర. 5 లక్షల క్యూసెక్కులంటే ప్రతి సెకనుకు 1 కోటి 40 లక్షల లీటర్లు. ఆ ప్రాజెక్టు మీదే మామూలు రోజుల్లో మనం టికెట్ కొనుక్కుని బోటెక్కుతాం. ఎక్కకూడదని అనను. బోటు నడిపేవాడికి ఆ రోజు ఎంత నీరు వస్తోందో, ఏ గేటు ఎత్తబోతున్నారో చెప్పే మనిషి, చెప్పాల్సిన నియమం ఉండాలంటాను.

మూడు ప్రమాదాలు, ఒకటే కొరత

2017 నవంబరు 12, కార్తీక మాసపు ఆదివారం. ఒంగోలు నుంచి వచ్చిన యాత్రికులు విజయవాడ దగ్గర పవిత్ర సంగమం చూద్దామని సాయంత్రం వేళ కృష్ణలో ఒక ప్రైవేటు బోటెక్కారు. ఆ బోటుకు అనుమతి లేదు. అది బోల్తా పడి 22 మంది చనిపోయారు.

2018 మే 15న గోదావరిలో మంటూరు దగ్గర లాంచీ మునిగింది. అందులో ఉన్నవాళ్లు విహారానికి వచ్చినవాళ్లు కారు, పనులు చూసుకుని ఇళ్లకు తిరిగిపోతున్న మన్యం జనం. లాంచీలో మనుషులతో పాటు సిమెంటు బస్తాలూ ఉన్నాయి. గాలివాన మొదలైంది. జల్లు లోపలికి కొడుతోందని తలుపులు, కిటికీలు మూసుకున్నారు. లాంచీ మునిగినప్పుడు బయటికి వచ్చే దారి లేకపోయింది. దాదాపు 20 మంది పోయారు. వాన వస్తే తలుపు మూయడం ఎవరైనా చేసే పనే. నీటి మీద మూసిన గది ప్రాణం తీస్తుందన్న ముక్క వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు. పాపికొండలు చూడడానికి 77 మందితో బయల్దేరిన రాయల్ వశిష్ఠ పున్నమి, కొండల మధ్య గోదావరి ఇరుకై సుడులు తిరిగే చోట ఒరిగి మునిగిపోయింది. ఆ రోజు నదిలో 5 లక్షల క్యూసెక్కుల దాకా వరద ఉంది. 51 మంది ప్రాణాలు పోయాయి. వరంగల్ పక్కన కడిపికొండ నుంచి 14 మంది బంధుమిత్రులు కలిసి వెళ్తే ఐదుగురే తిరిగొచ్చారు. బోటులో లైఫ్ జాకెట్లు లేక కాదు. ఉక్కపోతకు, భోజనాల వేళకు చాలామంది తీసి పక్కన పెట్టారని బతికినవాళ్లు చెప్పారు. బతికిన 26 మందిని కాపాడినవాళ్లలో ముందు వరుసలో ఉన్నది తూటుగుంట గిరిజనులు. నాటు పడవలు వేసుకుని ఆ సుడుల్లోకి పోయి మనుషులను లాగారు. తర్వాత నది అడుగున ఉన్న బోటును 38వ రోజున పైకి తెచ్చింది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం, లంగర్లు, ఇనుప తాళ్లు, నీటి మీద బతికిన అనుభవం ఆసరాగా.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. మొదటి బోటుకు అనుమతి లేదు. మూడోది అనుమతులున్న బోట్ల లెక్కలోదే. కాగితం లేనప్పుడూ మనుషులు పోయారు, కాగితం ఉన్నప్పుడూ పోయారు. మూడుచోట్లా లేనిది నడిపేవాడికీ, ఎక్కినవాడికీ అందాల్సిన పాఠం.

మన దగ్గరే ఎందుకు, 2009 సెప్టెంబరు 30న కేరళ తేక్కడిలో పర్యాటకుల డబుల్ డెక్కర్ బోటు తిరగబడి 45 మంది మరణించారు. ఒడ్డున కనిపించిన జంతువులను చూద్దామని పై అంతస్తులోని జనం ఒకే వైపు జరగడం దాని కారణాల్లో ఒకటి. 2023 మేలో అదే కేరళలోని తానూర్‌లో చేపల పడవను పర్యాటక బోటుగా మార్చి, చీకటి పడ్డాక నడిపారు. 22 మంది పోయారు, ఎక్కువమంది పిల్లలే. 2024 జనవరిలో వడోదర హర్ణి చెరువులో బడి పిల్లలు 12 మంది, ఇద్దరు టీచర్లు మునిగిపోయారు. అక్కడ జాకెట్లు కొందరికే ఇచ్చారు.

ఇక మన ప్రాణహిత. 2019 డిసెంబరు మొదట్లో ఆసిఫాబాద్ జిల్లాలో గూడెం దగ్గర నాటు పడవ బోల్తా పడి ఇద్దరు అటవీ బీట్ అధికారులు చనిపోయారు. వరద లేదు, తుపాను లేదు, చలికాలపు నది. డ్యూటీలో ఉన్న ప్రభుత్వ ఉద్యోగులకు కూడా ఒంటి మీద జాకెట్ ఉండి తీరాలన్న పట్టింపు మనకు లేకపోయింది. మునకలకు దేశంలో ఏటా దాదాపు 38 వేల మంది బలవుతున్నారని 2023 డిసెంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ విడుదల చేసిన మునక నివారణ ప్రణాళిక చెబుతోంది. ఇందులో బోటు ప్రమాదాలు ఒక భాగమే. బావులు, కుంటలు, కాలువలు, సెల్ఫీలు మిగతావి. 2025 జనవరిలో కొండపోచమ్మ సాగర్‌లో ఐదుగురు కుర్రాళ్లు పోయారు.

రోడ్డు మీద ఎడమ, నీటి మీద కుడి

బోటు నడపడమంటే స్టీరింగ్ తిప్పడమే కదా అని మోటారు సైకిల్ నడిపిన ప్రతివాడూ అనుకుంటాడు. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది. మన దేశంలో రోడ్డు మీద ఎడమ పక్కకు పోతాం. నీటి మీద ప్రపంచమంతా ఒకటే నియమం: రెండు మర బోట్లు ఎదురెదురుగా వస్తే రెండూ కుడికి తిరగాలి. ఒకదాని దారికి ఇంకొకటి అడ్డంగా వస్తుంటే, తన కుడి చేతి వైపు నుంచి వచ్చేదానికి దారి ఇవ్వాలి. దాటి ముందుకు పోయేవాడే పక్కకు తప్పుకుని పోవాలి. రాత్రి పూట బోటుకు ఎడమన ఎర్ర దీపం, కుడిన పచ్చ దీపం ఉంటాయి. ఎదుటి బోటు ఎటు పోతోందో చీకట్లో చెప్పేది ఆ రెండు రంగులే. బండి నడిపే అలవాటు మీద ఆధారపడినవాడు ఎదురుగా బోటు రాగానే ఎడమకు కోస్తాడు. అవతలివాడు నియమం తెలిసినవాడైతే సరిగ్గా అతని దారిలోకే వెళ్లి పడతాడు.

రెండోది బ్రేకు. సాధారణ జెట్ స్కీని చాలామంది నీటి మీద స్కూటర్ అనుకుంటారు. దానికి బ్రేకు ఉండదు. వెనుక నుంచి చిమ్మే నీటి ధారే దాన్ని తిప్పుతుంది. భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తే ఆ ధార ఆగిపోతుంది, హ్యాండిల్ ఎంత తిప్పినా బండి మళ్లదు, ఉన్న వేగంతో నేరుగా పోయి ఢీకొంటుంది. తప్పించుకోవాలంటే కొంచెం యాక్సిలరేటర్ ఇస్తూనే తిప్పాలి. భయంలో మనిషి చేసేదానికి ఇది పూర్తిగా వ్యతిరేకం కాబట్టి, ముందుగా నేర్చుకుని చేతికి అలవాటు చేసుకోకపోతే ఆ క్షణంలో రాదు.

ఈ మాట అమెరికా వెళ్లే మన పిల్లల కోసం గట్టిగా చెప్పాలి. 2024 మార్చిలో ఫ్లోరిడా కీస్‌లో అద్దెకు తీసుకున్న జెట్ స్కీ ఇంకో జెట్ స్కీని ఢీకొన్న ప్రమాదంలో కాజీపేట నుంచి వెళ్లిన విద్యార్థి చనిపోయాడు. ఇంకో రెండు నెలల్లో పట్టా అందుకోవాల్సిన కుర్రాడు. రెండో జెట్ స్కీ నడిపింది 14 ఏళ్ల బాలుడు. ఫ్లోరిడా చట్టం జెట్ స్కీ అద్దెకు తీసుకోవడానికి 18 ఏళ్లు నిండాలంటుంది, నడపడానికి 14 చాలంటుంది. 1988 జనవరి 1న, ఆ తర్వాత పుట్టినవాళ్లు 10 హార్స్‌పవర్, అంతకు మించిన బోటు నడపాలంటే బోటు భద్రత కోర్సు కార్డో, తాత్కాలిక సర్టిఫికెటో చూపించాలి. ఆ తాత్కాలిక సర్టిఫికెట్ ఒక చిన్న పరీక్ష రాస్తే వస్తుంది, 90 రోజులు చెల్లుతుంది. ఆ పరీక్షను సెలవు సరదాకు అడ్డొచ్చిన తతంగంగా చూసి గబగబా టిక్కులు పెట్టకండి. అందులో ఉన్న ఒక్కో ప్రశ్న వెనుక ఎవరిదో ఒకరి చావు ఉంది.

మూడోది ఇంజన్ తాడు. మర బోటు నడిపేవాడి చేతికో, జాకెట్‌కో చిన్న తాడు కట్టి ఉండాలి. అతను నీళ్లలో పడితే తాడు ఊడి ఇంజన్ ఆగిపోతుంది. లేకపోతే మనిషి లేని బోటు గుండ్రంగా తిరుగుతూ అతని మీదికే వస్తుంది, కింద ఫ్యాను రెక్కలు తిరుగుతూ ఉంటాయి. 2021 ఏప్రిల్ 1 నుంచి అమెరికాలో చిన్న మర బోట్లలో ఈ తాడు కట్టుకోవడం తప్పనిసరి చేశారు. మన స్పీడ్ బోటు పాయింట్లలో ఆ తాడు డ్రైవర్ చేతికి ఉందో లేదో ఈసారి ఎక్కినప్పుడు చూడండి.

అన్నింటికన్నా ముందు లైఫ్ జాకెట్. భుజాలకు తగిలించుకుంటే వేసుకున్నట్టు కాదు. బకిల్స్ అన్నీ బిగించాక వెనుక నిలబడినవాళ్లు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగాలి. అది గడ్డం దాటి పైకి వచ్చిందంటే నీళ్లలో జారిపోతుంది. పెద్దవాళ్ల జాకెట్ పిల్లాడికి వేస్తే వేయనట్టే. అమెరికా కోస్ట్‌గార్డ్ లెక్కల్లో 2023లో విహార బోటు ప్రమాదాల్లో మునిగి చనిపోయినవారిలో, వివరం తెలిసినంత వరకు, నూటికి 87 మంది ఒంటి మీద జాకెట్ లేదు. ఇక మొత్తం మరణాల్లో, వివరం తెలిసినంత వరకు, నాలుగింట మూడు వంతులు భద్రత శిక్షణ లేనివాళ్లు నడిపిన బోట్ల మీదే జరిగాయి.

ఇంకొక ప్రమాదం మన చెక్‌డ్యాములు. వాగుల మీద కట్టిన చిన్న ఆనకట్టల మీదుగా నీరు దూకేటప్పుడు కింద అది ముందుకు పోయినట్టే కనిపిస్తుంది, కానీ అడుగు నుంచి మళ్లీ గోడ వైపు తిరిగొస్తుంది. అందులో పడిన మనిషిని, తెప్పను, ఎండుకొమ్మను కిందకు లాగి, పైకి తేల్చి, మళ్లీ గోడ దగ్గరికి నెట్టి మళ్లీ ముంచుతుంది. నాలుగడుగుల ఎత్తు మత్తడి దగ్గర గజ ఈతగాళ్లు పోయేది ఇందుకే. ట్యూబులు వేసుకుని దూకే పిల్లలకు, వలలు వేసే పెద్దలకు ఈ సంగతి ఎవరైనా నేల మీద గీసి చూపించాలి. కాపాడబోయి చనిపోయేవాళ్లు మన వార్తల్లో ప్రతి వానకాలం కనిపిస్తారు: తమ్ముడి కోసం అన్న, బిడ్డ కోసం తండ్రి. మునిగేవాడికి చెయ్యి అందివ్వకండి. తాడు విసరండి, చీర విసరండి, గడ చాచండి, మూత బిగించిన ఖాళీ క్యాన్ విసరండి.

చట్టం ఏం చెబుతోంది, ఏం చెప్పడం లేదు

దేశీయ జలమార్గాల్లో నడిచే నౌకలకు మొన్నటి దాకా 1917 నాటి చట్టమే ఆధారం. దాని స్థానంలో ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం 2021లో వచ్చి 2022 జూన్ 7 నుంచి అమల్లోకి వచ్చింది. మర బోటుకు తనిఖీ, రిజిస్ట్రేషన్, బీమా, నడిపే సిబ్బందికి అర్హత సర్టిఫికెట్ ఉండాలని అది చెబుతుంది. ప్రాణరక్షక సామగ్రి మీద విడిగా నియమాలున్నాయి. మర లేని పడవలను స్థానిక సంస్థల స్థాయిలో నమోదు చేయించే ఆలోచన కూడా అందులో ఉంది. అంతకు ముందే 2017లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ పడవ భద్రత మీద మార్గదర్శకాలు ఇచ్చింది. కచ్చులూరు తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గోదావరి, కృష్ణ, సాగర తీరాల్లో 9 చోట్ల బోటు కంట్రోల్ రూములకు శంకుస్థాపన చేసింది. వరద మట్టం చూసి వెళ్లనివ్వడం, మందు తాగారా అని సిబ్బందిని పరీక్షించడం, జాకెట్లు లెక్కపెట్టడం వాటి పని. పాపికొండల విహారం చాలాకాలం ఆగి మళ్లీ మొదలైంది.

ఇవన్నీ అవసరమే. అయితే ఇవి ఎక్కువగా వ్యాపారానికి నడిచే బోటును, జీతానికి నడిపే మనిషిని దృష్టిలో పెట్టుకున్నవి. సరదాకు, తన కోసం బోటు నడిపే మామూలు మనిషి కొన్ని గంటలు చదివి, పరీక్ష రాసి, కార్డు తీసుకునే దేశవ్యాప్త పద్ధతి మనకు లేదు. కెనడాలో 2009 సెప్టెంబరు 15 నుంచి మర ఉన్న విహార బోటు నడిపే ప్రతి ఒక్కరి దగ్గరా అలాంటి రుజువు ఉండాలి. 50 ప్రశ్నల పరీక్ష, ఒకసారి పాసైతే కార్డు జీవితాంతం చెల్లుతుంది. కాలిఫోర్నియా 2018లో మొదలుపెట్టి వయసుల వారీగా పెంచుకుంటూ వచ్చి 2025 జనవరి నాటికి అన్ని వయసుల వాళ్లనూ ఈ పరిధిలోకి తెచ్చింది. అమెరికాలో 1973లో విహార బోట్ల మీద 1,754 మంది చనిపోతే 2023లో 564 మంది చనిపోయారు. ఆ యాభై ఏళ్లలో అక్కడ బోట్ల సంఖ్య బాగా పెరిగింది. 1971 నాటి బోటు భద్రత చట్టం, మంచి జాకెట్లు, రాష్ట్రాల కోర్సులు అన్నీ కలిసి సాధించిన తగ్గుదల ఇది. ఒక్క కార్డు చేసిన మాయ కాదు.

బ్రిటన్‌లో విహార బోటు నడపడానికి ఇలాంటి లైసెన్సు తప్పనిసరి కాదు. అక్కడ రాయల్ యాటింగ్ అసోసియేషన్ కోర్సులను జనం ఇష్టంగా చేరి నేర్చుకుంటారు. ఈ రెండు దారుల్లో మనకు ఏది సరిపోతుందన్నది మంచి ప్రశ్న. నా అభిప్రాయం ఇది: కార్డు కన్నా ముందు చదువు రావాలి. చదువు లేకుండా లైసెన్సు ఒక్కటే పెడితే అది మరో కౌంటరు, మరో ఫీజు, మరో దళారీ అయి కూర్చుంటుంది. బండి లైసెన్సుల దగ్గర మనం దశాబ్దాలుగా చూస్తున్నదే. నేర్పే చోటు, నేర్పే మనుషులు, సొంత భాషలో పాఠం ముందు సిద్ధమైతే, ఆ మీదట కార్డు అడగడానికి ప్రభుత్వానికి నైతిక హక్కు వస్తుంది.

తొలి కార్డు నావ నడిపేవాళ్లకే

నేర్పేవాళ్లు లేకపోలేదు. గోవాలో కేంద్ర పర్యాటక శాఖ కింద జాతీయ జలక్రీడల సంస్థ ఉంది, మర బోటు నడపడం, మునిగేవాళ్లను కాపాడడం నేర్పుతుంది. హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ మీద యాటింగ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేద కుటుంబాల పిల్లలను తెరచాప పడవ పోటీల్లో జాతీయ స్థాయికి చేర్చింది. తెరచాప పడవ నేర్పే బడుల్లో తొలి పాఠాల్లో ఒకటి పడవను కావాలని తిరగేసి మళ్లీ నిలబెట్టడం. పిల్లలు జాకెట్ వేసుకుని, భయం పోయేదాకా అదే చేస్తారు. బోల్తా పడిన పడవను వదలకూడదని, ఒడ్డు దగ్గరగా కనిపించినా ఈదబోకుండా దాన్నే పట్టుకుని తేలుతూ ఉండాలని చెప్తే మనిషి వింటాడు, చేసి చూస్తే మరిచిపోడు.

కడెంలోనో దిగువ మానేరులోనో ఇలాంటి ఒక శిక్షణ కేంద్రం పెట్టడం పెద్ద ఖర్చు కాదు. బోట్లు, నీరు, పర్యాటక శాఖ సిబ్బంది అక్కడే ఉన్నారు. మొదటి విద్యార్థులు ఎవరు కావాలి? వేమనపల్లి, గూడెం రేవుల్లో ప్రాణహిత మీద పడవలు వేసినవాళ్లు, కోటిలింగాల దగ్గర గోదావరి దాటించేవాళ్లు, ఎల్లంపల్లి, ఆడ జలాశయాల్లో చేపలు పట్టేవాళ్లు. నది ఎక్కడ సుడి తిరుగుతుందో, ఏ నెలలో ఏ పాయ లోతో వాళ్లకు పుట్టుకతో తెలుసు. కచ్చులూరులో ఎంతోమందిని ఒడ్డుకు చేర్చింది అలాంటి తెలివే. వాళ్లను అనుమతి లేని పడవవాళ్లుగా చూసి రేవు నుంచి తరమడం అన్యాయం, తెలివితక్కువ కూడా. వాళ్లకు తెలిసినదాన్ని పరీక్షించి గుర్తించాలి. తెలియని కొన్నింటిని, అంటే బరువు లెక్క, జాకెట్, ప్రథమ చికిత్స, ఊపిరి పోయడం లాంటివాటిని నేర్పాలి. ఉచితంగా జాకెట్లు, తాళ్లు ఇచ్చి తొలి కార్డులు వాళ్ల చేతిలో పెట్టాలి. చేప పిల్లలను ఉచితంగా జలాశయాల్లోకి వదిలిన రాష్ట్రానికి ఇది భారం కాదు.

పాఠం తెలుగులోనే ఉంటే జైనూర్ వంటి చోట చాలామందికి అందదు. గోండిలో ఉండాలి, కొలామీలో, లంబాడీలో, మరాఠీలో ఉండాలి. ఆకాశవాణి ఆదిలాబాద్ కేంద్రం గోండిలో కార్యక్రమాలు ప్రసారం చేస్తోంది. మిరుగు రాకముందు ఏటా నాలుగు వారాలు నీటి పాఠం వినిపిస్తే గూడేలకు చేరుతుంది. ఉట్నూరు ఐటీడీఏ తన ఆశ్రమ పాఠశాలల్లో పిల్లలకు ఈత, తాడు విసరడం, జాకెట్ వేసుకోవడం నేర్పించవచ్చు. మార్లవాయిలో 1940లలో మానవ శాస్త్రవేత్తలు హైమండార్ఫ్ దంపతులు ఉన్న కాలంలో గోండు పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పే గురువులను తయారు చేశారు. ఆ పద్ధతి ఈ నేలకు కొత్తది కాదు.

సమయం తక్కువ ఉంది. 2027లో గోదావరి పుష్కరాలు. బాసర నుంచి ధర్మపురి, మంథని, కాళేశ్వరం దాకా లక్షల మంది నదిలో దిగుతారు, వేలమంది పడవలెక్కుతారు. ఘాట్లకు, రోడ్లకు, లైట్లకు నిధులు వస్తాయి. ఆ నిధుల్లో ఒక చిన్న వాటా పడవ నడిపేవాళ్ల శిక్షణకు, జాకెట్లకు కేటాయించాలని ఈ జిల్లాల ఎమ్మెల్యేలు, కలెక్టర్లు ఇప్పుడే అడగాలి. ప్రతి రేవులో ఆ రోజు పడవలు పోవచ్చో లేదో చెప్పే బోర్డు, ఎంతమంది ఎక్కాలో బోటు పక్కన పెద్ద అక్షరాల్లో రాసిన అంకె, సూర్యాస్తమయం తర్వాత ఏ పడవా కదలకూడదన్న కట్టడి ఉండాలి. వీటికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు.

అంతదాకా పాఠకులు చేయగలిగింది కొంత ఉంది. ఈ ఆదివారం కడెం వెళ్లినా, కరీంనగర్ వెళ్లినా, ఇంట్లో పిల్లలతో సహా అందరికీ సరిపోయే జాకెట్లు ఇచ్చేదాకా బోటులో కాలు పెట్టకండి. ఇచ్చాక బకిల్స్ బిగించుకోండి, ఒడ్డుకు చేరేదాకా, ఫొటో కోసమైనా విప్పకండి. మందు తాగినవాడు నడుపుతుంటే దిగిపోండి. ఆకాశం మసకబారి గాలి లేస్తుంటే టికెట్ డబ్బులు పోయినా పర్వాలేదు, బోటు ఎక్కకండి.

బోటు మీద రాసిన అంకె కన్నా ఒక్కరు ఎక్కువ ఎక్కినా, ఆ ఒక్కరూ మీరే అయినా, దిగండి.